అట్లాసులో ఎర్రగీత

బస్సులన్నీ వాటంతటవే నడిచే కాలం వచ్చాక, డ్రైవరు సన్యాసయ్యకు తలుపు దగ్గర నిలబడే పనే మిగిలింది. ఆ రోజు జంక్షన్లో బస్సు ఆగి, “దబ్బగుంట అనే ఊరు లేదు, దిగిపోండి” అంది.

కాలి ఆపరేషను చేయించుకుని ఇంటికి పోతున్న ముసలి పైడమ్మ బిత్తరపోయింది.

“ఊరు నేదంతాదేటి బావూ? మరి నలబయ్యేళ్లు నానెక్కడ కాపరం సేసినాను?”

సన్యాసయ్య సీటు కింది నుంచి నలిగిపోయిన రోడ్డు అట్లాసు తీశాడు. అరవయ్యో పేజీలో సన్నటి ఎర్రగీత, దాని చివర దబ్బగుంట. ఆ పేజీని కెమెరా ముందు పెట్టాడు.

“ఇదేటి మరి? కళ్లు నేవా?”

“గుర్తించబడలేదు,” అంది బస్సు. సన్యాసయ్య స్టీరింగు వైపు కదిలాడు. “స్టీరింగు ముట్టుకుంటే మీ ఉద్యోగం పోతుంది.”

“పోనీ!”

బస్సు గొంతు వైరు పీకేసి, డ్రైవరు సీట్లో కూర్చున్నాడు.

“అమ్మా, ఇక కండక్టరువి నువ్వే. సెప్పు.”

పైడమ్మ బస్సు రేకును దబదబా బాదింది.

“రైట్ రైట్!”