ఆకుపచ్చ చీటీ

"ఇంకోటి గట్టెక్కింది!" అంటూ ఆఫీసు గోడ మీది ఎర్ర చీటీ పీకి, ఆకుపచ్చది అంటించాను. ఆరోగ్య బిల్లులు శాసనసభలో ఎందాకా వచ్చాయో కనిపెట్టుకుని ఉండటం నా ఉద్యోగం. ఎర్ర అంటే ఇంకా పని మిగిలినట్టు; ఆకుపచ్చ అంటే చట్టమైనట్టు, ఇక మేం మర్చిపోవచ్చన్నట్టు.

నేను ఇంట్లో మర్చిపోయిన కళ్లజోడు తెచ్చిన నాన్న గోడకేసి చూస్తున్నాడు. ఆయనకు చెవుడు.

"ఆ పై చీటీ ఏంటమ్మా?"

"పెద్దవాళ్లకు ఉచితంగా వినికిడి మిషన్! పోయినేడే చట్టమైంది!" ఆఫీసంతా ఉలిక్కిపడేలా అరిచాను.

"ఓహో, అదా! మూడుసార్లు ఆస్పత్రికి వెళ్లా. చట్టం అమలుకు రూల్స్ ఇంకా రాలేదని పంపేశారు."

"మరి నాకు చెప్పవేం?"

"చెప్పాను కదమ్మా. 'అదెప్పుడో అయిపోయింది నాన్నా' అన్నావు. అదొక్కటీ బాగా వినపడింది."

పక్క సీటు ఆవిడ నవ్వబోయి దగ్గింది. నేను కుర్చీ ఎక్కి, ఆ పై చీటీ పీకేసి, దాని చోట ఎర్రది అంటించాను.

"ఏమైందమ్మా?" అన్నాడు నాన్న.

కిందికి దిగి, ఆయన చెవి దగ్గరికి వంగాను.

"ఇంకా ఏమీ కాలేదు నాన్నా."