మొదటి బెంచీ మీద చున్నీ

ఊళ్లో బస్సు సీటు మీద తువ్వాలు వేసినట్టు, చర్చిలో మొదటి బెంచీ మీద పర్సిస్ తన నీలం చున్నీ వేసి పెట్టింది.

"అమ్మా, మిస్ ఎర్లీన్ నీ పక్కన కూర్చుంటుంది, ఓకే? నా సాంగ్ వినడానికి వస్తుంది. ఫస్ట్ బెంచీయే కావాలని అడిగింది."

చెప్పేసి మైకుల దగ్గరికి వెళ్లిపోయింది.

మిస్ ఎర్లీన్ అంటే ఐజయా నాయనమ్మ. ఐజయా అంటే ఆస్పత్రిలో పర్సిస్‌తో పనిచేసే నల్లవాళ్ల కుర్రాడు. ఫ్రెండే అంటుంది పర్సిస్. ఆ మాటను ప్రేమజ్యోతి తిరగేసి మరగేసి చూసుకుంటూనే ఉంది.

అది తెల్లవాళ్ల పాత చర్చి. ఆదివారం మధ్యాహ్నాలు మోరిస్‌విల్‌లో స్థిరపడిన తెలుగువాళ్లు అద్దెకు తీసుకుంటారు. ఆరాధన అంతా ఫోన్లలో లైవ్ వస్తుంది. కెమెరాలో ముందు పడేది మొదటి బెంచీయే.

ఇవాళ ఆ లైవ్‌ని ఫ్రిస్కోలో ఉండే, పర్సిస్‌కి చూసిన పెళ్లికొడుకువాళ్లు చూస్తారు. పిల్ల పాడుతుండగా చూస్తామన్నారు.

తల్లి పక్కన ఆవిడెవరని అడిగితే? మనవడి సంగతి ఎవరో ఒకరు చెప్పకపోరు. సంబంధం పోతుంది. ఇంకోటి రాదు. ఆ తర్వాత పిల్ల ఇక మన మాట వినదు.

ప్రేమజ్యోతి భయం ఎప్పుడూ అంతే, అడుగు దాకా వెళ్తే గాని ఆగదు.

చున్నీ తీసింది. మడిచి హ్యాండ్‌బ్యాగులో కుక్కింది.

మనవడు దించి వెళ్లాడేమో, మిస్ ఎర్లీన్ గుమ్మంలో ఒక్కతే నిలబడి ఉంది. ఊదారంగు టోపీ, మోకాలికి పట్టీ, చేతిలో రేకు కాగితం చుట్టిన కేకు.

"ఫుల్, ఆంటీ" అంది ప్రేమజ్యోతి, ఖాళీ బెంచీలకు వీపు పెట్టి. "అప్‌స్టెయిర్స్. వెరీ గుడ్ సౌండ్."

మిస్ ఎర్లీన్ ఆమె భుజం మీదుగా లోపలికి చూసింది.

కేకు ఆమె చేతికిచ్చింది.

బాల్కనీకి మెట్లు బయటి గోడ వెంట ఉంటాయి. లోపలి నుంచి దారి లేదు. అలా ఎందుకు కట్టారో తెలుగువాళ్లెవరూ అడగలేదు. ఏడ్చే చంటిపిల్లల తల్లులను అక్కడికి పంపుతుంటారు.

ఆవిడ కమ్మీ పట్టుకుని, ఆగి ఆగి ఎక్కింది. పడిపోతుందేమోనని ప్రేమజ్యోతి వెనకే చెయ్యి చాచుకుని ఎక్కింది.

పై తలుపు దాటగానే దూలం కిందికి ఉంటుంది. కొత్తవాళ్లకు తల తగలకుండా ఉండదు. "హెడ్, ఆంటీ" అనబోయింది.

అప్పటికే మిస్ ఎర్లీన్ టోపీ పట్టుకుని తల వంచింది.

దూలం వైపు చూడనైనా లేదు.

తిన్నగా వెళ్లి స్తంభం పక్కన కూర్చుంది.

"యూ కేమ్ బిఫోర్?" అంది ప్రేమజ్యోతి.

మిస్ ఎర్లీన్ ఆమెకు అర్థమయ్యేలా నిదానంగా చెప్పింది. వాళ్లమ్మ ఈ చర్చికొచ్చే ఒక తెల్ల కుటుంబానికి వంట చేసేదట. ఆ ఇంటి పెళ్లిళ్లకూ చావులకూ తల్లీకూతుళ్లను రమ్మనేవారట. కూర్చోవడం మాత్రం ఇక్కడ. బస్సులో, బడిలో, హోటల్లో తెల్లవాళ్లు ఎక్కడ, నల్లవాళ్లు ఎక్కడ ఉండాలో చట్టమే చెప్పే రోజులు.

"ఒక ఆదివారం మా అమ్మ కింద కూర్చుంది" అంది. "మొదటి బెంచీలో. పోలీసులొచ్చి రెక్క పట్టి లేపేదాకా."

టోపీ తీసి ఒళ్లో పెట్టుకుంది.

"ఆ తర్వాత మా ఇంట్లో ఎవరూ ఈ మెట్లు ఎక్కలేదు."

ప్రేమజ్యోతి అమ్మమ్మ, ఊళ్లో అందరి గుమ్మాల బయటా నిలబడి బతికిన మనిషి. చర్చిలో అందరికీ ఒకటే చాప వేస్తారని ఎవరో చెబితే బాప్తిస్మం తీసుకుంది.

"లెట్స్ గో డౌన్, ఆంటీ. ప్లీజ్."

"ఈ మోకాళ్లు ఎక్కింది ఇప్పుడేగా, హనీ. కాస్త ఊపిరి తీసుకోనీ."

ఏసీ గాలి నేరుగా ఆవిడ మీద పడుతోంది. చేతులు రుద్దుకుంటోంది.

కింద పర్సిస్ మైకు పట్టుకుని మొదటి బెంచీ వైపు చూస్తోంది. అక్కడ వేరెవరో కూర్చున్నారు.

ఆవిడ ఆలస్యంగా వచ్చిందనీ, చోటు పోయిందనీ పర్సిస్‌కి చెప్పొచ్చు. చున్నీ బ్యాగులోనే ఉంటే.

మిస్ ఎర్లీన్ చలికి వణికింది.

ప్రేమజ్యోతి జిప్పు తీసింది. నీలం చున్నీ విప్పి ఆవిడ భుజాల చుట్టూ కప్పింది.

పర్సిస్ కళ్లు బెంచీ బెంచీ వెతికి, పైకి వచ్చి ఆ నీలం చున్నీ మీద ఆగాయి.

మిస్ ఎర్లీన్ చెయ్యి ఊపింది.

పాట ఎత్తుకోవాల్సిన చోటు దాటిపోయింది. కీబోర్డు వాయించేవాడు పర్సిస్ వైపు చూసి, మళ్లీ మొదటి నుంచి వాయించాడు.