రెండోసారి ఉప్పు చూడటం

బడికీ బ్యాంకుకీ వచ్చినట్టే అప్పడాల సంఘానికీ గోడమీదికో మాట్లాడే పెట్టె వచ్చింది. ఎవరు ఏ పని ఎలా చేస్తున్నారో చూసి, అక్కర్లేనిది తీయించడమే దాని పని. ఆడవాళ్లు దానికి ఆడపడుచని పేరు పెట్టుకున్నారు.

ఓ పొద్దున అది గొంతు సవరించుకుంది. "పిండిముద్దకి ఉప్పు మాణిక్యాలమ్మగారు చూస్తున్నారు. ఆవిడ అటు తిరగ్గానే వరహాలుగారు మళ్లీ చూస్తున్నారు. మొదటిది దండగ, తీసేద్దాం."

వరహాలు అప్పడాల కర్ర కింద పెట్టేసింది. మాణిక్యాలమ్మకి నోటిరుచి పోయి ఏడాదైంది. ఈ పనీ పోతే ఇంక సంఘానికి ఏ మొహంతో వస్తుంది?

"నోర్ముయ్యవే ఆడపడుచా! నేనేం చూడట్లేదు."

"చూస్తోందమ్మా," అంది మాణిక్యాలమ్మ పీటమీంచి కదలకుండా. "నాకు ఉప్పూ తెలీదు, ఇంగువా తెలీదు."

"పిన్నీ, నేను చూస్తున్నట్టు నీకు తెలుసా?"

"ముద్దలో నీ వేలిగుర్తు కనపడదుటే? రుచి తెలీని నేను చూశానన్న భయంకొద్దీ నువ్వు చూస్తున్నావు. నేను మానేస్తే నువ్వూ మానేస్తావు, బద్ధకప్పిల్లా!"

పెట్టె పాత రోజులన్నీ వెనక్కి తిప్పి చూసుకుంది.

"ఆవిడ జ్వరంతో రాని మూడురోజులూ ఇక్కడ ఎవరూ ఉప్పు చూడలేదు. రెండూ ఉంచుతున్నాను."

వరహాలు తలొంచుకుని, కాస్త పిండి గిల్లి ముందు పిన్ని చేతిలో పెట్టింది.