హార్మన్ గార్డెన్ గాయని

పెద్దావిడ అనిక చెయ్యి పట్టుకుని వదలడం లేదు.

"నలభై ఏళ్లు వెతికాను. చివరికి నువ్వు కనిపెట్టావు," అంటోంది.

పదేళ్ల అనిక తండ్రి వైపు చూసింది. చక్రపాణి చెట్ల వైపు చూశాడు.

హార్మన్ గార్డెన్ ఒకప్పుడు ఆ ఊరి విహారస్థలం. పద్దెనిమిది వందల యాభైల్లో జనం టికెట్టు కొనుక్కుని వచ్చేవారు. ఐస్‌క్రీమ్ తిని, కచేరీ విని, బాణసంచా చూసి ఇళ్లకు వెళ్లేవారు. ఇప్పుడు మిగిలింది పాటల మంటపం, నాలుగు చెట్లు, ఒక పార్కింగ్ లాట్. ఏప్రిల్‌లో దాని మీద అనిక చేసిన స్కూల్ ప్రాజెక్టుకు కౌంటీలో మొదటి బహుమతి వచ్చింది. పేపర్లో పడింది. అది చదివి ఫోన్ చేసింది ఈ డొరొతీ. ఎనభై నాలుగేళ్ల మనిషి. మీ పాపను అక్కడే కలవాలని ఉంది, తీసుకురండి అంది.

ప్రాజెక్టు చేసింది అనిక కాదు. ఆ సంగతి ఇంట్లో ముగ్గురికే తెలుసు.

"నాన్నా, ఇట్స్ డ్యూ టుమారో," అంది అనిక అప్పుడొక ఆదివారం పొద్దున, బ్రెడ్డుకి జామ్ రాసుకుంటూ. పార్సిప్పనీ ఊళ్లో తమ అపార్ట్‌మెంట్‌లో డైనింగ్ టేబుల్ మీద చక్రపాణి చార్టు పరిచాడు. పక్కన వాషింగ్ మెషీన్ తిరుగుతోంది. తోట ఎప్పుడు తెరిచారు, ఎప్పుడు మూశారు, అన్నీ ఇంటర్నెట్‌లో దొరికాయి. టీచర్ మరొకటి అడిగింది. అక్కడ పాడిన ఒక మనిషి గురించి రాయాలి. దానికే ఇరవై మార్కులు. మధ్యాహ్నం భోజనాల వేళకు అదీ అయింది. పేరు లూయిసా హోల్ట్. వారమంతా ఊరి బట్టలు ఉతికేది. శనివారాలు ఆ తోటలో పాడేది.

"మా అమ్మమ్మ వాళ్ల అమ్మమ్మ ఇక్కడ పాడేదట. బట్టలు ఉతికి బతికిందట," అంది డొరొతీ మంటపం వైపు చూస్తూ. "పేరు మాత్రం ఎవరికీ గుర్తు లేదు. చర్చి వెనక ఆమె సమాధి ఉంది. దాని మీద రాయి ఉంది. రాయి మీద ఏమీ లేదు. సోమవారం పేరు చెక్కిస్తున్నాను."

చక్రపాణి ఒక అడుగు ముందుకు వేశాడు.

"మేడమ్, మీకొకటి చెప్పాలి."

"ఏమండీ, ఊరుకోండి," అంది పక్కనున్న భార్య అనురాధ తెలుగులో, ముఖం మీద నవ్వు చెదరనీయకుండా. "పాప ప్రైజు వెనక్కి తీసుకుంటారు."

"ఆ ప్రాజెక్టు అనిక చేయలేదు. నేను చేశాను."

అనిక తల దించుకుంది. డొరొతీ పకపకా నవ్వింది.

"నలుగురు పిల్లల్ని పెంచాను. స్కూలు కోసం మూడు అగ్నిపర్వతాల నమూనాలు నా చేతుల్తో కట్టాను. తండ్రివి, చేశావు. దీనికా అంత బెంగ?"

"అదొక్కటే కాదు..."

"ఇంకేం చెప్పకు. ఈ వయసులో నాకు మా మనిషిని తెచ్చిచ్చావు." ఆవిడ కళ్లు తుడుచుకుంది. "ఒక్క సాయం చెయ్యి. ఆమె పేరు నువ్వు ఎక్కడ చూశావో అక్కడ మరోసారి చూసి, ఉన్నది ఉన్నట్టు పంపు. రాతి మీద తప్పు పడకూడదు."

చక్రపాణి తలూపాడు.

కారులో అనురాధ, "హమ్మయ్య, ఆవిడ మంచిది కాబట్టి సరిపోయింది," అంది. చక్రపాణి హైవే మీద దిగాల్సిన ఎగ్జిట్ దాటిపోయాడు. అనిక చెప్తే వెనక్కి తిప్పాడు.

ఇంటికి వచ్చాక ఫోన్ తీసుకుని వంటింట్లోకి వెళ్లాడు.

తర్వాత ఫ్రిజ్ తెరిచి, అనిక తినే జామ్ సీసా తీసి, వెనక లేబుల్ మీద తయారీదారు పేరు లూయిసా హోల్ట్‌ను అక్షరం పొల్లుపోకుండా చూసి డొరొతీకి పంపాడు.