చెయ్యి చాపితే అందేంత దూరం

కొత్తాయన ఆ రోజు కూడా పక్కనే నీళ్ళలోకి దిగాడు.

లెఫ్తేరిస్‌కి ఒళ్ళు మండిపోయింది.

చలికాలం సముద్రంలో ఈదితే కీళ్ళు పట్టేయవని మా గ్రీకు ముసలాళ్ళ నమ్మకం. ఆ రేవులో అలాంటివాళ్ళు పద్దెనిమిది మంది. అందరూ అరవై దాటినవాళ్ళే. క్రిస్మస్ అయినా, కొత్త సంవత్సరమైనా పొద్దున తొమ్మిదింటికల్లా ఒడ్డున హాజరు. కాసేపు ఈత, ఆ వెంటనే తలకి ఉన్ని టోపీ, వేడి వేడి టీ, బోలెడు కబుర్లు.

ఇరవై ఏళ్ళుగా ఆ గుంపుకి పెద్ద లెఫ్తేరిస్. వయసు డెబ్భై మూడు. ఎవరు ఎంతసేపు ఈదాలో, పండుగ మాంసం తిన్నాక ఎన్ని గంటలు ఆగి దిగాలో ఆయనే చెప్పేవాడు. ఆయన జోకు వేస్తే అందరూ నవ్వేవాళ్ళు.

డిసెంబర్ మొదట్లో ఎక్కడి నుంచో ఈ ఆర్గిరిస్ ఊడిపడ్డాడు.

"ఆ కొత్తన్నయ్యని చూసి నేర్చుకోండి," అంది గుంపులోని దెస్పినా టీ పోస్తూ. "ఒడ్డెక్కగానే టోపీ పెట్టుకుంటాడు. పండుగ అని చెప్పి ఒక్క ముద్ద ఎక్కువ తినడు."

"తినాలంటే ఇంట్లో వండిపెట్టేవాళ్ళుండొద్దూ?" అన్నాడు లెఫ్తేరిస్.

ఎవరూ నవ్వలేదు.

పైగా ఆ మనిషి పద్ధతే విడ్డూరం. లెఫ్తేరిస్ దిగితే దిగుతాడు, ఎక్కితే ఎక్కుతాడు. తల ముంచడు. చెయ్యి చాపితే అందేంత దూరంలో ఉంటూ మాటిమాటికీ చేతి గడియారం చూసుకుంటాడు.

"నా టైము లెక్కపెడుతున్నావేంటయ్యా?"

"నీళ్ళు బాగా చల్లగా ఉన్నాయి. ఇక చాలు, పదండి."

"నీకు చాలితే నువ్వు పో!"

ఆర్గిరిస్ పోలేదు.

ఇదంతా ఒక ఎత్తు, ఫ్లాస్కు ఒక ఎత్తు. ఒకరోజు ఆర్గిరిస్ సంచిలోంచి తీసిన ఫ్లాస్కు తమ ఇంటిదే. మూత మీద సొట్ట కూడా అదే.

ఇంటికి రాగానే భార్యని నిలదీశాడు. "మన ఫ్లాస్కు వాడి దగ్గరెందుకుంది?"

ఫోతినీ బాదం బిళ్ళల మీద పంచదార పొడి చల్లుతోంది. తలెత్తలేదు.

"ఒంటరి మనిషి. టీ పోసిచ్చాను. దానికేం?"

"ఊళ్ళో ఇంకా చాలామంది ఒంటరి మనుషులున్నారు. వాళ్ళకి ఇచ్చావా?"

"డెబ్భై మూడేళ్ళొచ్చాయి, ఇంకా ఈ కుళ్ళేంటయ్యా నీకు? ముందు డాక్టరు మాట విను. నవంబర్లో వంటింట్లో కళ్ళు తిరిగి పడ్డావు. సముద్రం మానెయ్యి."

"మానేస్తే నా చోట్లో వాడు కూర్చుంటాడు. నేను పడ్డ సంగతి బయటెక్కడా అనకు."

జనవరి ఆరు వచ్చింది. ఫాదర్ పడవ మీంచి చెక్క సిలువని సముద్రంలోకి విసిరే రోజు. దాన్ని పట్టుకున్నవాడి ఇంట్లో ఏడాదంతా ఆరోగ్యమే. ఫోతినీ పేరు పండుగ కూడా ఆ రోజే; గ్రీకులకి అది పుట్టినరోజు లాంటిది. వచ్చేపోయేవాళ్ళకి వండే హడావిడిలో ఆవిడ రేవుకి రాదు.

ఈసారి ఎలాగైనా సిలువ తెచ్చి భార్య చేతిలో పెట్టాలని లెఫ్తేరిస్ పట్టుదల. తను తేకపోతే ఆ ఫ్లాస్కు మనిషి తెచ్చి పెడతాడు. ఆ ఊహకే ఆయనకి గుండెల్లో మంట.

సిలువ నీళ్ళలో పడింది. ముసలీ ముతకా, కుర్రకారూ అంతా దూకారు.

కాళ్ళూ చేతులూ, నురగ. లెఫ్తేరిస్‌కి సిలువ కనిపించింది. ఆ తర్వాత ఏదీ కనిపించలేదు.

చంక కింద ఎవరిదో చెయ్యి పడింది. గట్టిగా లాగింది.

కళ్ళు తెరిస్తే ఆర్గిరిస్ మొహం. ఆ మొహం పక్కనే తేలుతూ సిలువ.

లెఫ్తేరిస్ అతని ఛాతీ మీద బలం కొద్దీ తన్ని సిలువ అందుకున్నాడు.

"నన్ను వెనక్కి లాగాడు!" ఒడ్డెక్కగానే అరిచాడు. "సిలువ కోసం నన్ను పట్టుకుని లాగాడు, దొంగ!"

"పండుగ పూట ఇదేం పనయ్యా?" అన్నారు జనం. దెస్పినా అందరికీ టీ ఇచ్చింది, ఆర్గిరిస్‌కి తప్ప.

ఆర్గిరిస్ ఛాతీ పట్టుకుని కాసేపు దగ్గాడు.

"ముందు టోపీ పెట్టుకోండి," అన్నాడు లెఫ్తేరిస్‌తో. సంచి తీసుకుని వెళ్ళిపోయాడు.

నెల రోజుల కడుపుమంట ఆ పూటతో చల్లారింది. ఆనవాయితీ ప్రకారం లెఫ్తేరిస్ సిలువని పళ్ళెంలో పెట్టుకుని ఇల్లిల్లూ తిరిగాడు. నూరేళ్ళు బతకమన్నారు అందరూ. రెండింటికి ఇంటికి చేరాడు.

బల్ల మీద మూడు కంచాలున్నాయి. మూడో కంచం పక్కన కడిగి బోర్లించిన ఫ్లాస్కు.

"వాడొచ్చాడా? నేను లేనప్పుడు నా ఇంటికొచ్చాడా?"

"భోజనానికి నేనే పిలిచాను. కూర్చోమంటే కూర్చోలేదు. ఫ్లాస్కు ఇచ్చేసి పన్నెండింటి బస్సుకి ఊరొదిలి వెళ్ళిపోయాడు."

"ఎందుకొదిలాడట?"

"ఇక నువ్వు పక్కన ఉండనివ్వవన్నాడు."

"ఉండనిస్తానా మరి! ఎంత నిబ్బరంగా చెబుతున్నావ్! అసలు ఎవడే వాడు నీకు?"

ఫోతినీ మూడో కంచం తీసి లోపల పెట్టి వచ్చింది. సిలువ వైపు చూడలేదు. కోటు తెచ్చి భర్త చేతికిచ్చింది.

"తొడుక్కో, డాక్టరు దగ్గరికి వెళ్దాం. ఇవాళ నీళ్ళ కింద నీకు స్పృహ పోయిందట. ఆలస్యం చెయ్యొద్దని మరీ మరీ చెప్పి వెళ్ళాడు."

లెఫ్తేరిస్ కోటులో ఒక చెయ్యి దూర్చి ఆగాడు.

"ముప్ఫై ఏళ్ళు కోస్ట్‌గార్డులో మునిగిపోయేవాళ్ళని బయటికి లాగిన మనిషి," అంది ఫోతినీ. "నువ్వు సముద్రం మానవని తెలిసి, నీకు చెప్పొద్దని ఒట్టు వేయించుకుని, నీ పక్కన ఈదమని నేనే ఆయన కాళ్ళావేళ్ళా పడ్డాను."