ఒక్క డాలరు మంచుబండి

ఆ ఫిబ్రవరి ఉదయం, ఉత్తర మినెసోటాలో గడ్డకట్టిన సరస్సు ఒడ్డున ఉన్న ఐలీ ఇంటి వెనుక షెడ్డులో హాజరైనవారు, పాత మంచుబండ్ల సంఘంలో చేరిన వరుసక్రమంలో: మొదట రెయినో, తరువాత గునార్, ఆ తరువాత ఓర్విల్. వారికి ఎదురుగా, కిందటి శరత్తులో భర్త ఉర్హోను పోగొట్టుకున్న ఐలీ నిలబడి ఉన్నది. గోడవారగా బల్లపై సంఘ కార్యదర్శి మార్లిస్, ఒళ్లో మినిట్స్ పుస్తకంతో, చేతిలో ఉర్హో వీలునామాతో కూర్చున్నది. అందరి నడుమా, మంచు మీద ఇంజనుతో పరుగెత్తే, పంతొమ్మిది వందల అరవై నాలుగో సంవత్సరపు పసుపుపచ్చ మంచుబండి.

"మీ ముగ్గురికీ వేరువేరుగా మాటిచ్చాడట, నా తరువాత బండి నీదేనని," అంది మార్లిస్. "అందుకని ఇలా రాశాడు. ఒక్క డాలరుకు అమ్మాలి. ఐలీ వరుసగా అడగాలి. ఎవరు ముందు ఔనంటే వాళ్లది. మిగతా పేరా అడగడం పూర్తయ్యాక చదవాలి."

రెయినో కోటు జేబులో చెయ్యి పెట్టి, నిన్న బ్యాంకులో అడిగి తీసుకున్న కొత్త డాలరు నోటును తడిమి చూసుకున్నాడు. అతని షెడ్డులో అరవై నుంచి డెబ్బై రెండు వరకు ఏటికొక్కటి చొప్పున బండ్లున్నాయి, అరవై నాలుగు తప్ప. పన్నెండేళ్ల వయసులో మేనమామ కోటు పట్టుకుని మొట్టమొదట ఎక్కినది ఇటువంటి బండే. దాని శబ్దం ఇప్పటికీ నిద్రలో వినిపిస్తుంది. మెలకువలో మాత్రం శబ్దాలన్నీ ఒక్కొక్కటే సెలవు తీసుకుంటున్నాయి. వచ్చే శీతాకాలానికి చెవులు పనిచేయకపోవచ్చునని వైద్యుడు చెప్పాడు. ఈలోగా ఆ ఇంజను శబ్దాన్ని రోజూ పొద్దున్నే వినాలని అతని కోరిక.

"రెయినో, బండి నీకు కావాలా?" అంది ఐలీ.

"నాకెందుకు ఐలీ? ఉన్నవాటికే చోటు చాలక చస్తున్నాను. గునార్‌కి ఇవ్వు."

"నా నడుం సంగతి తెలిసే అంటున్నావట్రా?" అన్నాడు గునార్. "ఓర్విల్ కుర్రాడు. వాడికివ్వండి."

ఆ కుర్రాడికి అరవై ఆరేళ్లు. "నాకొద్దు తల్లీ," అన్నాడు ఓర్విల్. "మా ఆవిడ నన్నూ బండినీ కలిపి బయట పడుకోబెడుతుంది."

"మరి ముగ్గురూ కార్ల వెనుక ట్రైలర్లు తగిలించుకొచ్చారేం?" అంది మార్లిస్, రాస్తున్న పుస్తకంలోంచి తలెత్తకుండా.

"రోడ్డు జారుతోంది," అన్నాడు గునార్. "వెనకాల కాస్త బరువుంటే మంచిదని."

ఆ సీమలో మొదటిసారి అడగగానే ఔననడం ఆబ. రెండోసారి ఔననడం తొందరపాటు. మూడోసారి మాత్రం, అడిగినవారి మనసు నొప్పించరాదు కనుక, "సరే, అంత బలవంతపెడితే" అని స్వీకరించడం మర్యాద. కాఫీ మొదలుకొని పెళ్లి వరకు అన్నింటికీ అదే పద్ధతి. రెయినో భార్య కూడా అతనిని మూడోసారికే ఒప్పుకున్నది.

"నిజంగానే వద్దా రెయినో?" అంది ఐలీ.

"అది లేకపోయినా బతకగలనులే," అన్నాడు రెయినో. అది లేనిదే బతకలేనని చెప్పడానికి అక్కడ అంతకంటె గట్టిమాట లేదు.

గునార్ కూడా రెండోసారి వద్దన్నాడు. ఓర్విల్ వద్దంటూనే బండి సీటును ఒకసారి నిమిరి చెయ్యి వెనక్కు తీసుకున్నాడు. మార్లిస్ మూడు జవాబులూ పొందికగా రాసుకున్నది.

ఇక మిగిలినది మూడోసారి. వరుసలో మొదటివాడు తానే. రెయినో చెప్పవలసిన మాటను మనసులో సరిచూసుకుంటూ కళ్లు మూసుకున్నాడు.

తెరచిన తలుపులోంచి మంచు చప్పుడు లేకుండా లోపలికి రాలుతున్నది. మూసిన కళ్ల వెనుక సరస్సు పరచుకున్నది. ఎక్కడ మంచు ముగిసిందో, ఎక్కడ ఆకాశం మొదలైందో తెలియని తెలుపు. దానిలో ఒక పసుపు చుక్క. మేనమామ కోటు ఉన్ని వాసన, కాలిన నూనె వాసన. బండి నేలను తాకుతున్నట్టే లేదు. దూరంగా, నిద్రలో వినిపించే ఆ శబ్దమే, కడుపులో గుర్రుమంటూ మొదలై, పలచని గొంతుతో పైకి లేచి, నెమ్మదిగా దూరమై, తెలుపులో కలిసిపోయింది. ఏడాది కాలంగా అతనికి ఏ శబ్దమూ అంత స్పష్టంగా వినిపించలేదు.

కళ్లు తెరిచాడు. షెడ్డు నడుమ నీలిపొగ తప్ప ఏమీ లేదు. గడప దాటిన జాడ తిన్నగా సరస్సు మీదికి పోయింది. ఆ జాడ చివర పసుపు చుక్క, దానిమీద ఐలీ ఎర్ర తలగుడ్డ.

"చూస్తూ ఊరుకున్నారేమిట్రా?" అన్నాడు రెయినో.

"మూడోసారి అడిగేముందు ఇంజను నడిపి చూపిస్తోంది కాబోలనుకున్నాం," అన్నాడు గునార్.

"అడగనేలేదు," అన్నాడు ఓర్విల్ నీరసంగా.

మార్లిస్ వీలునామా తిప్పి చదివింది. "ముగ్గురూ వద్దంటే బండి ఐలీది."

రెయినో టోపీ చెవిరెక్కలు పైకెత్తి, గడపలో నిలబడి, సరస్సు అవతలి నుంచి తిరిగి వస్తున్న ఆ శబ్దాన్ని విన్నాడు. అది దగ్గరయ్యేవరకు విన్నాడు. ఆ తరువాత లోపలికి వచ్చి, తీర్మానాన్ని తానే ప్రతిపాదించాడు. పుస్తకంలో అది ఇట్లు నమోదైనది:

"ముగ్గురు మిత్రులకు ఇచ్చిన మాట తప్పకుండానే, నలభై ఏళ్లుగా ఆ బండిని నడపాలని కోరుకున్న భార్యకు దానిని దక్కించినందుకు, వీలునామా అంచున 'ఐలీ, రెండుసార్లు మాత్రమే అడుగు' అని స్వదస్తూరితో చేర్చిన దివంగత సభ్యుడు ఉర్హోకు ఈ సంఘం సగౌరవంగా కృతజ్ఞతలు తెలుపుతున్నది."