పదకొండో పంక్తి

"పదకొండో పంక్తి, సార్," అంది పరిశోధక విద్యార్థిని గుమ్మంలోనే నిలబడి.

"గుమ్మానికి డాక్టరేట్ ఇవ్వరు. లోపలికి రామ్మా," అన్నారు ప్రొఫెసర్.

ఆమె వచ్చి కూర్చుంది. సోమవారం ఆమె థీసిస్ సమర్పించాలి. నాలుగేళ్ల పని. నిజానికీ అబద్ధానికీ మధ్య సగం నిజం, పావు నిజం అంటూ ఉండే విలువల బీజగణితం. థీసిస్ మొత్తం ఆయన పాతికేళ్ల కిందట నిరూపించిన ఒకే సిద్ధాంతం మీద నిలబడింది.

"మన లెక్కలో సగాన్ని సగంతో కలిపితే ఎంత సార్?"

"ఒకటి. మొదటి రోజు పాఠమేగా."

"మీ నిరూపణలో పదకొండో పంక్తి దాటాలంటే సగమే రావాలి. ఉత్త నిజానికీ ఉత్త అబద్ధానికీ అది నిలుస్తుంది. మధ్యవాటికి నిలవదు."

ఆమె చాపిన కాగితం వైపు ఆయన చూడలేదు. కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"ఎన్నిసార్లు చూశావు?"

"తొమ్మిది."

"ఏమన్నా తిన్నావా?"

"గుర్తులేదు సార్."

"ఇంకెవరికి చెప్పావు?"

"మా అక్కకి. 'గురువుగారికే తప్పులు పడుతున్నావా మొద్దూ! కళ్లు కడుక్కుని మళ్లీ చూడు' అంది."

"మంచి మాటే."

"కడుక్కునే చూశాను సార్."

ఆయన చిన్నగా నవ్వారు. ఆమెకు నవ్వు రాలేదు. ఏడుపూ రాలేదు.

"నా థీసిస్‌లో సగమైనా మిగలదా సార్?"

"మిగలదమ్మా," అన్నారు. "విశ్వవిద్యాలయానికి నేనే ఉత్తరం రాస్తాను. తప్పు నాది, నీది కాదని."

తన నాలుగేళ్లు సరే, ఆయన పాతికేళ్లు ఒక్క పూటలో పోయాయి. అయినా మాట తొణకలేదు. ఆమెకు ఆయన మీదే జాలి వేసింది.

"పాతికేళ్లలో ఎవరికీ కనపడలేదు సార్. మీకు మాత్రం ఎలా కనపడుతుంది?"

ఆయన లేచారు.

"ముఖం కడుక్కొస్తాను."

ఉత్తరంలో రాయడానికి పేజీ సంఖ్య కావాలి. ఆమె అరలోంచి ఆ నిరూపణ అచ్చయిన పుస్తకం, ఆయన సొంత ప్రతి తీసింది. ఆ పేజీ దానంతటదే తెరుచుకుంది. పదకొండో పంక్తి పక్కన పెన్సిల్‌తో, ఆయన చేతిరాతలో రెండు మాటలు: 'సగానికి నిలవదు.'

కింద వేసిన తేదీ నాటికి ఆమెకు ఆరేళ్లు.